కూలి లెక్క – రైతు నోటుపుస్తకం



విత్తనం యే దుకాణంలో కొన్నాం, యెరువు బస్తా యెంతకు తెచ్చాం, మందు యెన్నిసార్లు కొట్టాం అని అడిగితే మనలో ప్రతి రైతూ వేళ్ళమీద లెక్క చెబుతాడు. కాని పోయిన యేడు మిర్చి కోతకు యెవరికి యెన్ని రోజుల కూలి ముట్టింది, అడ్వాన్సు కింద యెంత పట్టుకున్నారు అని అడిగితే, "అదంతా మేస్త్రీకి తెలుసు" అంటాడు. మిర్చి, పత్తి వేసిన రైతుకు కూలి పెద్ద పద్దు. ఆ పెద్ద పద్దునే మనం నోటిమాట మీద నడుపుతున్నాం. ఆ పద్ధతి యిక సాగదు. ఎందుకు సాగదో, దానికి బదులు యేం చేయాలో యీ ప్రసంగంలో చెప్పుకుందాం.

విజయపురి సౌత్ నుండి మాట మొదలుపెడదాం. ఇది నాగార్జునసాగర్ ఆనకట్టకు కుడిగట్టున వెలసిన వూరు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు ఆ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. అది రాతికట్టడం. రాయి పగలగొట్టినవారూ, మోసినవారూ, పేర్చినవారూ అందరూ కూలిచేసి బ్రతికిన జనమే. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. కుడికాలువకు జవహర్ కాలువ అని పేరు. ఆ నీరు వచ్చాక పల్నాటిలో వరి పెరిగింది, పత్తి పెరిగింది, మిర్చి పెరిగింది. వాటితోపాటు చేతిపని కూడా పెరిగింది. సంక్రాంతి దాటగానే మాచర్ల, దుర్గి, కారంపూడి, గురజాల ప్రాంతాల చేలలోకి కర్నూలు, ప్రకాశం జిల్లాల నుండి ముఠాలు దిగుతాయి. చేను పక్కనే డేరాలు వేసుకుంటారు, నెలల తరబడి కాయ కోస్తారు, కల్లంలో ఆరబోస్తారు, తాలు యేరుతారు. ఆ ముఠాలతో మన లెక్క యెలా వుందన్నదే యిప్పటి ప్రశ్న.

ముందు చట్టం సంగతి. కూలిచట్టాలన్నీ ఫ్యాక్టరీలకే గాని పొలానికి కావని చాలామంది రైతుల నమ్మకం. అది పొరపాటు. 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనే వ్యవసాయం వున్నది. ఆ చట్టమూ, 1936 నాటి వేతన చెల్లింపు చట్టమూ, 1965 నాటి బోనసు చట్టమూ, 1976 నాటి సమాన వేతన చట్టమూ, నాలుగూ కలిపి 2019లో పార్లమెంటు వేతనాల కోడు అనే వొకే శాసనం చేసింది. అది 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. అందులో రైతుకు సంబంధించిన మాటలు కొన్ని వున్నాయి. వాటిని వొక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది కనీస కూలి. ప్రభుత్వం ప్రకటించిన కనీస రేటుకు తక్కువగా యెవరితోనూ పని చేయించుకోకూడదు. "వాళ్ళే వొప్పుకున్నారు గదా" అనే మాట చెల్లదు. మిర్చి కోతకు, పత్తి తీతకు మనం కిలోల లెక్కన యిస్తాం. కిలోకు వేరే కనీస రేటు ప్రకటించనప్పుడు, కిలోల లెక్క యెలా వున్నా, ఆ మనిషికి రోజుకు ముట్టేది మాత్రం రోజువారీ కనీస కూలికి తగ్గకూడదు. లెక్క కోసం కనీస కూలి 400 రూపాయలనీ, కాయకోత కిలోకు 15 రూపాయలనీ అనుకుందాం. చెయ్యి తిరిగిన మనిషి 30 కిలోలు కోస్తే 450 వస్తుంది, చిక్కు లేదు. పెద్దవయసు ఆమె 18 కిలోలు కోస్తే 270 వస్తుంది. ఆమెకు మిగతా 130 రూపాయలు కలిపి యివ్వాలి. చివరి కోతల్లో కాయ పలచబడుతుంది, యెవరికీ కిలోలు తూగవు. తగాదాలు వచ్చేది అప్పుడే. కనుక చివరి కోతలకు కిలోల లెక్క మాని రోజుకూలికి మాట్లాడుకోవడం మేలు.

రెండవది ఆడకూలి, మగకూలి అనే తేడా. ఒకే పనికి, లేదా వొకే తరహా పనికి ఆడమనిషికి వొక రేటు, మగవాడికి వొక రేటు పెట్టకూడదు. కాయ కోసేటప్పుడు యిద్దరూ వొకే సాలులో కోస్తే కూలి వొకటే.

మూడవది మధ్యలో ఆగిన పని. పొద్దున్నే ముఠాను పిలిపించారు. పది గంటలకు టార్పాలిన్లు లేవనో, సంచులు రాలేదనో పని ఆపించారు. పనివాళ్ళు సిద్ధంగా వుండి, పని చూపించలేకపోయింది మనమైతే, రోజుకూలి పూర్తిగా యివ్వాలి. పనివాడే వుండనని వెళ్ళిపోతే ఆ బాధ్యత మనకు లేదు. ప్రకటించిన పనిగంటలు దాటి పని చేయించుకుంటే ఆ అదనపు గంటలకు రెట్టింపు రేటు.

నాలుగవది యిచ్చే గడువు. రోజుకూలి యే రోజుది ఆ రోజు పని దిగేలోపల. వారం లెక్కయితే సెలవు రోజుకు ముందు, వారపు చివరి పనిదినాన. నెలజీతమైతే మరుసటి నెల 7వ తేదీ లోపల. ఏ లెక్క అయినా నెల దాటకూడదు. ఇక్కడ జీతగాళ్ళ సంగతి చెప్పాలి. ఉగాదికి కుదిరి, మళ్ళీ ఉగాదికి లెక్క చూసుకునే అలవాటు యింకా కొన్ని వూళ్ళల్లో వున్నది. ఆ అలవాటు చట్టానికి విరుద్ధం. నెల నెలా యివ్వాలి. "మిర్చి అమ్మినాక యిస్తాను" అనే మాటా అంతే. పంట ధర మన చేతిలో లేదు, నిజమే. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధరతో జోక్యం చేసుకోవలసి వచ్చింది. రైతు నష్టం చిన్నది కాదు. అయినా కోసిన చేతులకు ఆ నష్టంతో సంబంధం లేదు, చట్టం ఆ సాకు వినదు. కాబట్టి కోతకు దిగకముందే కోతకూలి డబ్బు విడిగా చూసుకోవాలి. అది పురుగుమందు బాకీలో కలిసిపోకూడదు.

ఐదవది అడ్వాన్సు. ముఠాను కుదుర్చుకునేటప్పుడు అడ్వాన్సు యివ్వడం తప్పు కాదు. కాని పట్టుకునేటప్పుడు, అన్ని కోతలూ కలిపినా ఆ గడువు కూలిలో సగానికి మించకూడదు. మనిషికి 6,000 యిచ్చారు, రోజుకు 450 వస్తుంది అనుకుందాం. రోజుకు 225 మించి పట్టుకోకూడదు. అంటే 27వ రోజుకు తీరుతుంది. మొదటి పదిరోజుల కూలీ మొత్తం పట్టేసుకుంటే డేరాలో పిల్లలు యేం తినాలి? మరొక మాట. అడ్వాన్సు తీరలేదని మనిషిని కదలనివ్వకపోవడం, ఆధారు కార్డు దాచుకోవడం, బదులుగా యింట్లో యింకొకరిని పనికి రమ్మనడం వెట్టిచాకిరీ కిందికి వస్తాయి. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లోనే వచ్చింది. దానికి మూడేళ్ళ వరకు జైలు వున్నది. అలాగే పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను కూలికి పెట్టుకోకూడదు. "తల్లితో వచ్చింది, వూరికే వుండక రెండు కిలోలు కోసింది" అన్నా కుదరదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ నిబంధనలన్నీ పాటించిన రైతు కూడా చిక్కులో పడవచ్చు. ఎలాగంటారా? ఒక రైతు పన్నెండుమంది ముఠాకు కూలంతా లెక్కగట్టి మేస్త్రీ చేతిలో పెట్టాడనుకోండి. మేస్త్రీ సగం యిచ్చి సగం యివ్వకుండా వూరు దాటాడు. కూలివాళ్ళు ఫిర్యాదు చేశారు. కూలి యివ్వలేదని వాళ్ళు రుజువు చేయనక్కరలేదు. ఇచ్చానని రైతే రుజువు చేసుకోవాలి. చట్టంలో ఆ భారం పని యిచ్చినవాడి మీదనే పెట్టారు. మేస్త్రీ ముట్టజెప్పకపోతే బాధ్యత తిరిగి పొలం యజమాని తలమీదికి వస్తుంది. ఫిర్యాదు చేయడానికి మూడేళ్ళ గడువున్నది. బాకీ తేలితే, బాకీతోపాటు దానికి పది రెట్ల వరకు పరిహారం వేయవచ్చు. తక్కువ కూలి యిచ్చినందుకు జరిమానా 50,000 రూపాయల దాకా వుంటుంది. ఐదేళ్ళలోపు మళ్ళీ అదే తప్పు చేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. ఇచ్చిన డబ్బే మళ్ళీ యివ్వవలసి వస్తే ఆ రైతు పరిస్థితి యేమిటి? అటు కూలివాళ్ళ పరిస్థితీ అంతే. నెలల కష్టం చేసి వట్టిచేతులతో వూరికి పోవాలి. ఇద్దరినీ కాపాడేది వొక్కటే: రాసిన లెక్క.

"మాకు రిజిస్టర్లు అక్కరలేదని విన్నామే" అని మీరు అడగవచ్చు. సగం నిజం. వ్యవసాయానికి ఐదుగురికి మించకుండా పెట్టుకున్న రైతు రిజిస్టర్లు నడపనక్కరలేదు, జీతపు చీటీలు యివ్వనక్కరలేదు. కాని అధికారి అడిగినప్పుడు కూలి యిచ్చినట్లు తగిన రుజువు చూపాలని అదే సెక్షనులో వున్నది. ఇక ఆరో మనిషి చేలోకి దిగితే ఆ మినహాయింపు లేదు. మిర్చి కోతకు ఐదుగురితో సరిపెట్టేవారు మనలో యెందరు? ముఠా దిగిన రోజు నుండీ పుస్తకం కావలసిందే.

పుస్తకం అంటే భయపడకండి. పిల్లలు రాసుకునే గీతల నోటుపుస్తకం చాలు. అందులో యిలా రాయండి:

1. తేదీ, మనిషి పేరు, సొంతవూరు. ముఠా పేరున వొకే పద్దు వద్దు, మనిషికొక వరుస.
2. చేసిన పని. కిలోలైతే కిలోలు, రోజుకూలి అయితే యెక్కిన గంట, దిగిన గంట.
3. వచ్చిన కూలి. కనీస కూలికి తగ్గితే కలిపినది పక్కన.
4. అడ్వాన్సు కింద పట్టినది, యింకా మిగిలినది.
5. చేతికిచ్చినది, పుచ్చుకున్నవారి సంతకం లేదా వేలిముద్ర.

కాటా వేసేటప్పుడే, వాళ్ళ కళ్ళ యెదుటే, కిలోలు పైకి చదివి రాయండి. డబ్బు యెవరిది వాళ్ళ చేతికే యివ్వండి. ఫోనులో పంపితే మేస్త్రీ ఖాతాకు గాక మనిషి మనిషి ఖాతాకు పంపండి. ఆ రసీదు కూడా రుజువే. మేస్త్రీకి కమీషను యివ్వదలిస్తే మీ జేబులోనుండి వేరే పద్దుగా యివ్వండి, కూలిలోనుండి కోయకండి. ఆ పుస్తకాన్ని మూడేళ్ళు దాటేదాకా పట్టాదారు పాసుపుస్తకంతోపాటు పెట్టెలో పెట్టండి.

ఇక పన్ను సంగతి. "ప్రభుత్వం కూలిమీద పన్ను పట్టమన్నది" అని కొందరు కూలిలో పది, యిరవై తగ్గించి యిస్తుంటారు. పొలంకూలికి అలాంటి పన్ను యేదీ లేదు. మన రాష్ట్రంలో జీతాలమీద వున్నది వృత్తిపన్ను, 1987 నాటి చట్టం. నెలకు 15,000 వరకు జీతమున్నవారికి అది లేదు. 15,000 దాటి 20,000 వరకు నెలకు 150 రూపాయలు, ఆపైన 200 రూపాయలు. రాజ్యాంగం ప్రకారం యెవరి దగ్గరయినా యేడాదికి 2,500 మించి వసూలు చేయకూడదు. కనుక పత్తిమిల్లు, కోల్డుస్టోరేజి, సున్నపుబట్టీ వంటివి నడిపే రైతులు మాత్రం గుమాస్తాల, ఆపరేటర్ల జీతంలో దాన్ని పట్టి ప్రభుత్వానికి కట్టాలి. పట్టి కట్టకపోవడం మరీ తప్పు. రోజుకూలి మనిషి దగ్గర పన్ను పేరు చెప్పి పైసా కోసినా అది అక్రమ కోతే అవుతుంది.

గ్రామ వ్యవసాయ సహాయకులకు వొక మనవి. వ్యవసాయపు కనీస కూలికి తోడు కరువుభత్యం సాధారణంగా ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంది. ఆ రేటును కార్మికశాఖ కార్యాలయంలో కనుక్కొని, రైతు సేవాకేంద్రం బోర్డుమీద మందుల ధరలు రాసినట్లే పెద్ద అక్షరాలతో రాయండి. కోతకు ముందు వూరిలో వొక సాయంత్రం రైతులనూ, మేస్త్రీలనూ, కూలివాళ్ళనూ కూర్చోబెట్టి, మీరు వొక పేజీ గీతలు గీసి చూపించండి. చూసినదాన్ని రైతు వదలడు.

సోదరులారా, మాటలు నీటిమూటలని మన పెద్దలు వూరికే అనలేదు. పొలంలో కూలివాడితో మనకు తగాదా యెందుకు వస్తుంది? సగంసార్లు యిచ్చినది గుర్తులేకా, పట్టుకున్నది గుర్తులేకా. వాళ్ళ లెక్క వాళ్ళు వేళ్ళమీద పెట్టుకుంటారు, మన లెక్క మనం మనసులో పెట్టుకుంటాం. రెండూ కలవవు. కాయ పండకముందే నోటుపుస్తకం కొనండి. ముఠా వచ్చిన మొదటిరోజు సాయంత్రమే మొదటి పేజీ రాసి, అందరి ముందూ చదివి వినిపించండి. అలా లెక్క చూపించే రైతు చేనికి మరుసటి యేడు ముఠా పిలవకుండానే వస్తుంది.