హృదయ దౌర్బల్యము: నడక, ఆహారము



పెద్దవయసువారికి కాళ్ళు వాచి, నాలుగడుగులు వేయగనే ఆయాసము వచ్చి, రాత్రివేళ వెల్లకిల పరుండలేక రెండు మూడు తలగడల నానుకొని కూర్చుండవలసిన స్థితి యేర్పడినపుడు, డాక్టరుగారు పరీక్షించి "హార్టు ఫెయిల్యూరు" అని చెప్పుట మీరు వినియే యుందురు. ఆ మాట చెవిని పడగనే గుండె నేడో రేపో ఆగిపోవునని ఇంటిల్లిపాదియు బెదరిపోవుదురు. కాని గుండె ఆగుట వేరు. దేహమునకు కావలసినంత నెత్తురును త్రోయలేక గుండె వెనుకబడుట వేరు. ఈ రెండవదానినే నేనిచ్చట హృదయ దౌర్బల్యమని పిలిచెదను. ఇది చాల కాలము సాగు వ్యాధి. మందులతో, మెలకువతో పెక్కేండ్లు బ్రదుకువారు కలరు.

అట్టి రోగిని పలుకరింప వచ్చిన పెద్దలు మొట్టమొదట చెప్పు మాట యేమి? "మంచము దిగవద్దు." రెండవ మాట, "తినకున్న నీరసించి పోవుదువు, కాస్త నేయి వేసికొని తినుము" అని. మన యిండ్లలో డాక్టరు చీటికంటె పెద్దల మాటకే చెల్లుబడి యెక్కువ. కావుననే ఈ రెండు మాటలను గూర్చి వైద్యపరిశోధకులు కొలిచి తెలిసికొన్న సంగతులను మీతోనే ముచ్చటింప నెంచితిని.

మంచము దిగవద్దనుట మౌఢ్యమని నేననను. ఇరువదవ శతాబ్ది నడిమివరకు డాక్టరులును అట్లే చెప్పిరి. గుండెపోటు వచ్చినవానిని వారములకొలది కదలనీయక పరుండబెట్టెడివారు. 1952లో బోస్టన్ నగరమున లెవైన్, లౌన్ అను వైద్యులు అట్టివారిని కుర్చీలో కూర్చుండబెట్టుట మేలని ప్రకటించినపుడు, అదియే గొప్ప సాహసముగా తోచినది. హృదయ దౌర్బల్యము విషయమున పాత మాట ఇంకను చాల కాలము నిలిచినది. అలసిన యెద్దునకు కాడి దింపినట్లు, బలహీనమైన గుండెకు పని తగ్గింపవలెనని వారి తర్కము. తర్కము చక్కగనే యున్నది. కొలిచి చూచినపుడు మాత్రము నిలువలేదు.

ఆరోగ్యముగల గుండె తనలో నిండిన నెత్తురులో సగమునకు మించి ఒక్కొక్క కొట్టుకు వెలుపలికి త్రోయును. దౌర్బల్యము గలవారిలో పలువురకు ఈ వంతు తగ్గిపోవును. మరికొందరిలో వంతు సరిగనే యుండి గుండె బిగిసికొనిపోవును. 1981లో ఫ్రాన్సియోసా మొదలగు అమెరికా వైద్యులు, వంతు తగ్గిన రోగులను తీసికొని, ఆ వంతు నొకవైపునను, రోగి శ్రమశక్తిని మరియొకవైపునను కొలిచి పోల్చిరి. రెంటికిని పొత్తు కుదరలేదు. గుండె త్రోయు వంతును చూచి ఈతడింత పని చేయగలడని చెప్ప వీలు లేకపోయెను.

ఈ కొలతలలో నాకు మిక్కిలి నచ్చినది కెనడా దేశమున గయాట్ మొదలగువారు 1985లో గుండెరోగులయందు పరీక్షించిన ఆరు నిమిషముల నడక. ఆస్పత్రి వసారాలో సుమారు 30 మీటర్ల నేల కొలిచి గుర్తులు పెట్టుదురు. రోగి తనకు తోచిన వేగముతో ఆ చివరకును ఈ చివరకును నడచుచుండును. అలసినచో నిలువవచ్చును, గోడ నానుకొనవచ్చును, మరల సాగవచ్చును. గడియారము మాత్రము ఆగదు. ఆరు నిమిషములు ముగిసిన పిదప ఎన్ని మీటర్లు నడచెనో లెక్కింతురు. 300 మీటర్లకు తక్కువగా నడచినవారిలో మరణము లెక్కువని 1993లో ప్రకటింపబడినది. లక్షల విలువగల యంత్రములు చెప్పు సంగతిని గడియారము, కొలతాడు చెప్పుట నాకు వింతగను, ముచ్చటగను తోచును.

సరే, నడకశక్తి గుండెవంతుతో కుదరనిచో మరి దేనితో కుదురును? జవాబులో పెద్దభాగము కండలలో నున్నది. కండకు శక్తి యెచ్చటినుండి వచ్చునను ప్రశ్నను విప్పినవారిలో మన తెలుగువా రొకరు కలరు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసున వైద్యము చదివి, అమెరికాకు పోయి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కే అను ఆచార్యునితో కలసి పనిచేసిరి. కండలో పుట్టు లాక్టిక్ ఆమ్లమే దాని కదలికకు మూలమని అప్పటి పండితుల నమ్మిక. ఆ మార్గమున పనిచేసిన హిల్, మేయర్‌హోఫ్ గార్లకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది. 1927లో ఫిస్కే, సుబ్బారావు గార్లు కండలో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థము కలదని ప్రకటించిరి. 1929లో ఏ.టీ.పీ. యను పదార్థమును గూర్చి ప్రకటించిరి; అదే యేట జర్మనీలో లోమన్ గారును దానిని కనుగొనిరి. కండల శాస్త్రమున విప్లవమే జరిగినదని 1932లో స్వయముగా హిల్ గారే వ్రాసిరి. తన సిద్ధాంతము చెదరినపుడు ఆ సంగతి తానే చాటుట అందరికిని చేతనగు పని కాదు.

ఈ పదార్థముల పని యిట్టిది. ఏ.టీ.పీ. చేతిలోని చిల్లర, కండ ముడుచుకొనుటకు అదియే చెల్లును. ఫాస్ఫోక్రియాటిన్ రొంటిని దోపిన పైకము. చిల్లర అయిపోగనే దానినుండి వచ్చును. మనము తిను పిండిపదార్థములు, క్రొవ్వులు గాదెలోని ధాన్యము. దానిని ప్రాణవాయువుతో మార్చుకొనిననే పైకమగును. సుమారు 300 గ్రాముల గుండె దినమునకు దాదాపు 6 కిలోల ఏ.టీ.పీ.ని చేసి, ఖర్చుచేసి, మరల చేయుచుండును. హృదయ దౌర్బల్యమున ఈ రొంటిపైకము గుండెలో తగ్గును. కాలికండలలో నైతే అది త్వరగా కరగి, తిరిగి నిండుట కాలస్యమగును. నెలలకొలది మంచమున పరుండినవానికి, గుండె గట్టిదైనను, తొడలు సన్నగిల్లి నాలుగడుగులకే ఆయాసము వచ్చును. రోగి ఆయాసమున గుండె వంతు కొంత, పనిలేక చెడిన కాళ్ళ వంతు కొంత కలదన్నమాట. మంచము ఈ రెండవ వంతును పెంచుచున్నది.

నడిపించినచో రోగికి కీడు కలుగదా? ఈ ప్రశ్నకు పెద్ద పరీక్ష 2009లో ప్రకటింపబడినది. అమెరికా, కెనడా, ఫ్రాన్సు దేశములలో 2331 మంది రోగులను చీట్లు వేసినట్లు రెండు గుంపులుగా విభజించి, ఒక గుంపునకు మందులతోబాటు క్రమమైన వ్యాయామమును నేర్పిరి. మరణము గాని, ఆస్పత్రిలో చేరుట గాని వ్యాయామపు గుంపులో నూటికి 65 మందికిని, రెండవ గుంపులో 68 మందికిని సంభవించినవి. ఈ తేడా చాల చిన్నది. వ్యాయామము ప్రాణము నిలుపునని దీనినిబట్టి గట్టిగా చెప్పరాదు. అయినను దానివలన కీడు పెరుగలేదు. రోగుల దినచర్య సుఖపడినది. నా దృష్టిలో ఇదియే చాలును. తన కాళ్ళపై పెరటిలోనికి పోగలుగుట, మనుమని చేయి పట్టుకొని వీథిచివరకు పోగలుగుట చిన్న లాభములు కావు.

ఇక నేయి సంగతి. 2016లో అమెరికాలో కిట్జ్‌మన్ మొదలగువారు, గుండె బిగిసికొనిపోయిన వ్యాధి గలిగి స్థూలకాయులైన 100 మంది వృద్ధులను 20 వారములు పరీక్షించిరి. కొందరికి ఆహారము తగ్గించిరి, కొందరిని నడిపించిరి, కొందరికి రెండును చేసిరి. శ్రమలో దేహము గ్రహింపగల ప్రాణవాయువు, నిమిషమునకు కిలోబరువు ఒక్కింటికి, నడకవలన 1.2 మిల్లీలీటర్లును, ఆహారము తగ్గించుటవలన 1.3 మిల్లీలీటర్లును పెరిగెను. రెండును కలసినపుడు 2.5. అనగా పథ్యము నడకకు తీసిపోలేదు. అయితే ఇది స్థూలకాయుల మాట. తమంత తాము చిక్కిపోవుచున్న రోగులలో మరణము లెక్కువని 1997లో లండనులో ఆంకర్ మొదలగువారు చూపిరి. బక్కచిక్కిన రోగిచే ఉపవాసము లుండజేయుట ప్రమాదము. అతనికి పప్పు, పెరుగు, గ్రుడ్డు వంటి బలమైన తిండి కావలెను. ఒకే వ్యాధికి ఇద్దరి పథ్యము ఒకటి కాదు.

తిండి లోపమే గుండెను చెరచుటకు మన జిల్లాలే సాక్ష్యము. ఉత్తర సర్కారులలో బెరిబెరి యను వ్యాధి విస్తారముగా నుండెడిది. దానిపై మాల్కమ్‌సన్ అను వైద్యుడు 1835లోనే మద్రాసున గ్రంథము ప్రకటించెను. అందొక రకమున కాళ్ళు వాచి, గుండె పెరిగి, ఆయాసముతో మనిషి పోవును. తవుడంతయు పోవునట్లు తెల్లగా పట్టిన పచ్చి బియ్యమే ముఖ్యాహారమగుట దీనికి హేతువు. తవుటిలోని థయమిన్ అను విటమిను లేనిచో గాదెలోని ధాన్యము పైకముగా మారదు. ఆ విటమిను నిచ్చినచో కొలది దినములలోనే వాపు తీయును. ఉప్పుడు బియ్యము తిను ప్రాంతములలో ఈ వ్యాధి అరుదు. వడ్లను ఉడికించునపుడు విటమిను గింజలోనికి దిగును. పేరులో ఉప్పు వినబడినను అందు ఉప్పు లేదు సుమా!

ఉప్పు విషయమున ఈ మధ్య వింత జరిగినది. 2022లో ఆరు దేశములకు చెందిన 806 మంది రోగులపై జరిగిన పరీక్షలో, ఉప్పును మిక్కిలి తగ్గించినవారికిని, మామూలుగా తిన్నవారికిని, మరణములందును ఆస్పత్రి చేరికలందును చెప్పదగిన భేదము కానరాలేదు. ఇది విని ఆవకాయ జాడీ మూత తీయకుడు. ఆ పరీక్షలో మామూలుగా తిన్నవారు సైతము దినమునకు 5 గ్రాముల ఉప్పునకు కొంచెమే మించిరి. మనము ఊరగాయ, అప్పడము, వడియములతో అంతకు బాగుగా మించి తినుచున్నాము. అయిదు గ్రాములనగా చిన్న చెంచాడు. ఊరగాయలోనిది సహితము ఆ లెక్కలోనిదే.

నడక మొదలుపెట్టుటకు ముందు డాక్టరు అనుమతి గొనవలెను. కూర్చున్నను ఆయాసమున్నపుడు, వాపు పెరుగుచున్నపుడు, ఎదలో నొప్పి వచ్చినపుడు నడువరాదు. ప్రక్కవానితో మాటాడుచు నడువగలిగిన వేగమే తగిన వేగము. ప్రొద్దుననే తూకము చూచుకొని వ్రాసి యుంచవలెను; మూడు దినములలో రెండు కిలోలు పెరిగినచో అది క్రొవ్వు కాదు, నీరు; వెంటనే డాక్టరునకు తెలుపవలెను. సోడియము తక్కువగల ఉప్పని అంగళ్ళలో అమ్మునది కొన్ని మందులు వాడువారికిని, మూత్రపిండములు చెడినవారికిని అపాయకరము. అందు పొటాషియము కలియును. అట్టి పొట్లము కొనినచో, వంటయింటికి చేర్చుటకు ముందు, మందుల చీటితో కూడ డాక్టరునకు చూపింపుడు.