ఆడుబిడ్డల చిన్న పేరులు



ఆడుబిడ్డ పుట్టిన ఇంట నేడు మొదట వినబడు ప్రశ్న "ఏమి పేరు పెట్టుదుము?" అనునది. ఆ వెనుకనే "రెండక్షరములలో ఏదైన చెప్పుడు" అను కోరిక. పలాస, టెక్కలి ప్రాంతములందు ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుగా నుండి వేలకొలది పేరులు హాజరుపట్టీలలో నా చేతితో వ్రాసితిని. ఇప్పటికిని ఉద్దానపు పల్లెలనుండి తాతలు, అవ్వలు మనుమరాలి పేరునకై నాయొద్దకు వచ్చుచుందురు. వారితో చెప్పు మాటలనే నేడు మీకును మనవి చేయుచున్నాను.

పేరు చిన్నదిగా నుండవలెననుట క్రొత్త మోజు కాదు. ఆడుబిడ్డ పేరు నోటికి సులువుగను, కటువు గాకయు, అర్థము తేటపడునట్లును, మంగళకరముగను, దీర్ఘాక్షరముతో ముగియునట్లును ఉండవలెనని మనుస్మృతి రెండవ అధ్యాయమున నున్నది. పారస్కర గృహ్యసూత్రము బేసి సంఖ్య అక్షరములు గల పేరు పెట్టుమన్నది. ఆ లెక్కకు రెండక్షరముల రమయు, ఉమయు సరిపడవు. అయినను లోకము వానిని విడిచిపెట్టలేదు. శాస్త్రముకంటె నోటికి ఇంపే పెద్దదైనది.

ఈ చిన్న పేరుల అర్థములు చూడుడు. రమ యనగా ఆనందింపజేయునది, లక్ష్మికి పేరు. ఇల యనగా భూమి. సీత యనగా నాగేటి చాలు. జనకుడు దున్నుచుండగా దొరకిన బిడ్డకు ఆ చాలు పేరే నిలిచినది. మన సేద్యగాండ్ర ఇంటి పేరు ఇంతకంటె వేరొకటి యేమి కలదు? తనయ యనగా వంశమును విస్తరింపజేయునది. మహేంద్రగిరి ప్రాంతమున పుట్టి బారువ యొద్ద సముద్రమున గలియు మన యేటిని పెద్దలు మహేంద్రతనయ యనిరి, కొండకు కూతురన్నమాట.

ఇక ఉమ. తపస్సునకు బయలుదేరిన కూతును చూచి తల్లి మేన "ఉ, మా" యని, అనగా "అమ్మా, వలదు" అని వారించెననియు, ఆ మాటయే పేరైనదనియు కాళిదాసు కుమారసంభవమున చెప్పెను. బిడ్డకేమగునో యన్న తల్లి భయము ఆ రెండక్షరములలో నున్నది. ఈ మాటను మనసున నుంచుకొనుడు. దీనితో పని యున్నది.

మన తెలుగు పేరులకు వత్తము. గున్న యనగా చిన్నది, లేతది. గున్నేనుగు, గున్నమామిడి అను మాటలలో నున్నది అదియే. 1940 ఏప్రిల్ 1వ తేదీన మందస జమీందారీ రైతుల పోరాటములో, గుడారి రాజమణిపురమున పోలీసు కాల్పులకు ప్రాణములర్పించిన సాసుమాన గున్నమ్మను ఎరుగనివారు ఈ ప్రాంతమున లేరు. పేరు చిన్నది, మనిషి పెద్దది.

పుట్టిన బిడ్డలు వరుసగా పోయిన ఇంట మరియొక బిడ్డ కలిగినపుడు ఆ బిడ్డను పెంటమీద నుంచి తీసికొని పెంటమ్మ యనియు, పొరుగువారికిచ్చి తవుడు పోసి మరల కొని తవిటమ్మ యనియు పిలుచు వాడుక మన వైపున నుండెడిది. ఇంత చౌక వస్తువును మృత్యువు ఆశింపదని వారి నమ్మకము. వంగదేశమున తీన్‌కౌడీ, అనగా మూడు గవ్వలకు కొన్నది, అను పేరును ఇట్టిదే.

నేను క్రొత్తగా ఉద్యోగమున చేరిన దినములలో ఒక పల్లెబడికి ఐదేండ్ల తవిటమ్మను తెచ్చిరి. నాకా పేరు మోటుగా తోచెను. పండితుడనను గర్వముతో ఎవరినీ అడుగక పట్టీలో లలిత యని వ్రాసితిని. మరునాడు ఆ బిడ్డ అవ్వ వచ్చి గుమ్మము దగ్గరనే నిలిచి, "మేష్టరుబాబూ, ముగ్గురు పోనాక తవుడు పోసి కొనుక్కున్నాం దీన్ని. ఆ పేరు మీరు తీసేస్తే మళ్లీ ఎవలికి అమ్మేసినట్టు బాబూ?" అనెను. నాకు మాట రాలేదు. కుమారసంభవము చదివిన నేను ఆ పేరులోని తల్లి భయమును చదువలేకపోతిని. లలితను కొట్టివేసి తవిటమ్మ యని మరల వ్రాసితిని. తరగతిలో నవ్విన పిల్లలకు ఆ పేరు కథ చెప్పితిని. నవ్వు మాన్పించుట పంతులు పని గాని, పేరు మాన్పించుట కాదు.

అయితే మోటుపేరులన్నియు ఒకటి కావు. మహారాష్ట్రమున సతారా జిల్లాలో నకుశా, అనగా అక్కరలేనిది, అను పేరుగల బాలికలు రెండువందలమందికి పైగా 2011లో క్రొత్త పేరులు పెట్టుకొనిరి. అది చేయదగిన పని. తవిటమ్మ దక్కించుకొన్న బిడ్డ. నకుశా త్రోసివేసిన బిడ్డ. పేరు అందమును గాక, పెట్టినవారి మనసును చూడవలెను.

కావున పెద్దలకు నా మనవి. మనుమరాలికి రెండక్షరముల పేరే పెట్టుడు, తప్పు లేదు. కాని అర్థమడిగి పెట్టుడు. పెద్దయైన పిదప "నాకీ పేరేల?" యని ఆ బిడ్డ అడిగినచో చెప్పుటకు ఒక మాట ఉండవలెను. ఇంట పాతపేరున్నచో దాని కథను చెప్పిపొండు. పుట్టిన 21 దినములలో జననము నమోదు చేయించుడు. పేరు కుదరలేదని ఆగవలదు. నమోదైన 12 నెలలలోపల రుసుము లేకయే పేరు చేర్పించవచ్చును. 2023 అక్టోబరు 1వ తేదీ మొదలు పుట్టిన బిడ్డలకు బడిలో చేరుటకు ఆ జనన ధ్రువపత్రమే ఆధారము. అందులో వ్రాయించు పేరు ఆ బిడ్డ వెంట జీవితాంతము నడచును.

పంతుళ్లకొక్క మాట. పేరు వ్రాయుటకు ముందు తెచ్చిన అవ్వను అడుగుడు.