మొహమాటంతో ఎనిమిది నెలలు

(ఖిదిర్‌పూర్ శాఖలో మహిళా దినోత్సవం నాడు చేసిన ప్రసంగం)



అప్పు ఖాతా 90 రోజులు దాటి మొండి బాకీ అయ్యేదాకా మనం ఆగం. కిస్తీ గడువు తప్పగానే ఎస్‌ఎంఏ అని గుర్తించి ఫోన్ చేస్తాం. ఈ సంగతి తెలిసిన నేనే, నా ఒంటి విషయంలో ఆ పని చేయలేదు.

నాలుగేళ్ల క్రితం నాకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. తీసేసిన చోట సిలికాన్ ఇంప్లాంట్ పెట్టారు. తర్వాత రేడియేషన్ ఇచ్చారు. రెండో ఏడు ఆ వైపు గట్టిపడింది, నొప్పి మొదలైంది. ప్రాణం దక్కింది చాలదా అంటారేమోనని అత్తయ్యగారికి కూడా చెప్పలేదు. ఎనిమిది నెలలు గడిచాయి.

పింఛను కోసం కౌంటరుకు వచ్చే మన తెలుగు మామ్మ ఒకరు పట్టేశారు. "ఏటమ్మా, ఆ చెయ్యి ఎత్తనేకపోతన్నావు? డాక్టరు కాడికి ఎల్లు" అన్నారు. ఆ సాయంత్రమే మావారికి చెప్పాను.

ఇంప్లాంట్ చుట్టూ శరీరం ఒక పొర అల్లుకోవడం సహజమేనట. కొందరిలో అది బిగుసుకుని ఇంప్లాంట్‌ను నొక్కేస్తుంది. రేడియేషన్ తీసుకున్నవారికి ఆ ప్రమాదం ఎక్కువ. నాకు పొరనూ ఇంప్లాంట్‌నూ తీసేసి, పొట్ట దగ్గరి చర్మం, కొవ్వుతో మళ్లీ అమర్చారు. ఇప్పుడు చెయ్యి హాయిగా లేస్తోంది.

నేను నేర్చుకున్నవి చెబుతాను. ఎర్రబడినా, వేడిగా ఉన్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా అదే రోజు డాక్టరుకు చూపించండి. ఏళ్ల తర్వాత ఉన్నట్టుండి వాపు వస్తే, చేరిన నీటిని పరీక్ష చేయించాలి. అరుదుగా అది ఒక రకం లింఫోమా కావచ్చు. ఈ కారణంగానే 2019లో అలర్గాన్ కంపెనీ గరుకు పైపొర ఉన్న బయోసెల్ ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. సిలికాన్ ఇంప్లాంట్ నొప్పి లేకుండానే చిట్లవచ్చు. అందుకే అయిదారేళ్లకు ఒకసారి, ఆపైన రెండు మూడేళ్లకోసారి ఎంఆర్ఐ గానీ అల్ట్రాసౌండ్ గానీ చేయించాలని అమెరికా ఎఫ్‌డీఏ సూచిస్తోంది. ఏదీ జీవితాంతం ఉండదు.

కంపెనీ పేరు, సీరియల్ నంబరు ఉన్న ఇంప్లాంట్ కార్డును ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులతో పాటు దాచండి. ఇంట్లోవాళ్ల ఫోన్లో ఫోటో ఉంచండి.

అన్నయ్యలకు ఒక మనవి. ఇంట్లో ఆవిడ చెప్పేదాకా ఆగకండి. మీరే "ఎలా ఉంది?" అని అడగండి. ఆ ఒక్క మాట కోసం నేను ఎనిమిది నెలలు ఎదురుచూశాను.

సెలవు.