బిగిసిన చక్రపు నట్టు



దేవాసుర యుద్ధమున దశరథుని రథచక్రమునకు శీల యూడిపోగా, కైకేయి తన వ్రేలిని శీలకు మారుగా నిలిపి భర్తను కాపాడెనని మన పల్లెలలో నేటికిని చెప్పుకొందురు. కర్ణుని రథచక్రమో, నేలలో దిగబడి, యెంత యెత్తినను రాక, తుదకాతని ప్రాణమునకే ముప్పు తెచ్చినది. ఒకచోట చక్రము నిలువలేదు; ఒకచోట చక్రము కదలలేదు. బండి గలవాని కీ రెండు భయములును తప్పవు. ఎద్దుబండ్ల కాలమున మనకు శీల యూడునను భయమే మెండు. ఇప్పుడు మన ముంగిళ్లలో కార్లు నిలుచుచున్నవి. టైరులో గాలి పోయి, చక్రమును మార్చబోగా, నట్టు కదలక మొరాయించుట నేటి చిక్కు. దానిని గూర్చియే నా యీ ప్రసంగము.

కొన్ని యేండ్ల క్రిందట సంక్రాంతి పండుగకు మా రెండవవాడు పట్టణమునుండి కారులో వచ్చెను. తిరిగి పోవలసిననాటి వేకువన చూడగా, వెనుక టైరు నేలకంటుకొని యున్నది. వాడు వెంటనే జాకీ పెట్టి కారును పైకెత్తి, పిమ్మట పానా తగిలించి నట్టు లాగసాగెను. అది కదలలేదు. పదేండ్ల మనుమడు చక్రము ప్రక్కనే కూర్చుండి దీపము చూపుచుండెను. నేను వెనుక నిలిచి, "ఇంకను బలముగా లాగుమురా" యని హెచ్చరించుచుంటిని. కొంతసేపటికి పిల్లవాడు మంచినీళ్లు తెచ్చుటకై లోనికి పోయెను. వాడట్లు గడప దాటెనో లేదో, కారు ఊగి, జాకీమీదినుండి జారి, వాడు కూర్చున్న చోటనే దబ్బున పడినది.

ముప్పదేండ్లు బడిలో పిల్లలకు తులాదండ సూత్రమును బోధించినవాడను నేను. అయినను ఆనాడు నా నోట వచ్చినది "బలముగా లాగుము" అను మాటయే. తరువాత పొరుగున నున్న ట్రాక్టరు డ్రైవరు వచ్చి, మమ్ము పల్లెత్తుమాట యనక, జాకీని మరల సరిగా నిలిపి కారును జాగ్రత్తగా దింపి, చక్రములకు రాళ్లు వేసి, ఇంటినుండి ఒక ఇనుపగొట్టము తెచ్చి, పావుగంటలో నాలుగు నట్లను వదలించెను. ఆయన చేసినది మా వాడు చేసినదానికి సరిగా తలక్రిందులు. అందలి కారణములను తరువాత ఆలోచించి తెలిసికొంటిని. అవి మీకు మనవి చేసెదను.

నట్టు ఏల బిగియును? బోల్టును బిగించినప్పుడు అది కంటికి కనబడనంత సాగి, సాగిన తీగవలె చక్రమును లోనికి లాగి పట్టును. ఆ పట్టువలన మరల నడుమను, నట్టు ముఖము క్రిందను ఒరపిడి మిక్కుటమగును. మనము వినియోగించు బలములో ఇంచుమించు పదింట తొమ్మిది వంతులు ఈ యొరపిడికే చెల్లును. దీనికి తోడు వానలును బురదయును తగిలి మరలకు త్రుప్పు పట్టును. త్రుప్పు తాను పుట్టిన యినుముకంటె ఎక్కువ చోటు నాక్రమించును గనుక, మరల సందులను నింపి బంధించును. మూడవ కారణము మనుష్యకృతము. టైర్ల దుకాణములలో గాలితో త్రిప్పు యంత్రము పెట్టి, లెక్క చూడక, గట్టిగా నున్నచో మేలేకదా యని అతిగా బిగించుట. మా కారునకు జరిగినది ఇదియే.

ఇక లెక్క వినుడు. చిన్న కార్ల చక్రములకు విధింపబడిన బిగువు సాధారణముగా 80 మొదలు 120 న్యూటను మీటర్ల వరకు నుండును. నూరనుకొందము. అనగా ఒక మీటరు పొడవు గల పిడి చివర పది కిలోల బరువు వ్రేలాడదీసినంత. కారుతో వచ్చు పానా పిడి 25 సెంటీమీటర్లే యైనచో, అదే పనికి 40 కిలోల బలము కావలెను. యంత్రము రెట్టింపు బిగించి యున్నచో 80 కిలోలు కావలెను. ముసలివాడేమి, పడుచువాడైనను వంగి కూర్చుండి చేతులతో అంత లాగలేడు. అదే పిడికి గొట్టము తొడిగి 75 సెంటీమీటర్లు చేసితిమేని, ఆ రెట్టింపు బిగువునకు సైతము 27 కిలోలు చాలును. గునపముతో బండరాతిని కదలించువారికిని, ఏతాముతో నీరు తోడినవారికిని ఇది క్రొత్త విద్య కాదు. బలము పెంచుటకంటె పిడి పెంచుట మేలు.

పనిలో క్రమము బలముకంటెను ముఖ్యము. మొదట కారు గట్టినేలపై, ఎత్తుపల్లములు లేనిచోట నుండవలెను. అందలివారందరు దిగవలెను. హ్యాండుబ్రేకు వేసి, మొదటి గేరులో నుంచి, విప్పబోవు చక్రమునకు మూలగా నెదుటనున్న చక్రమునకు ముందు వెనుకల రాళ్లు పెట్టవలెను. చక్రము నేలమీద నున్నప్పుడే నట్లను వదలించవలెను. కారు బరువే అప్పుడు చక్రమును త్రిప్పనీయక పట్టియుంచును. పైకెత్తిన పిమ్మట లాగినచో ఆ లాగుడంతయు జాకీమీద పడును. మా వాని పొరపాటు ఇదియే. నా పొరపాటును ఇదియే.

పానాను నట్టు తలపై తుదివరకు తొడుగవలెను. ఆరు మూలల పానా మేలు. వదులైనది నట్టు మూలలను అరగదీయును. చక్రమునకెదురుగా నిలిచి, పిడి ఎడమప్రక్కకు అడ్డముగా వచ్చునట్లు పెట్టి, క్రిందికి నొక్కవలెను. పైకి లాగుటలో నడుము పట్టును. నొక్కుటలో మన బరువే మనకు సాయపడును. నొక్కుడు నిదానముగా, ఎడతెగక యుండవలెను. పానామీద ఎక్కి గంతులు వేసినచో పిడి జారి మనుష్యుడు పడును, లేదా బోల్టు విరుగును. కొన్ని పాతబండ్లకును, కొన్ని లారీలకును ఎడమవైపు చక్రములకు ఎదురుమరలుండును. అట్టివానిని విప్పబోయి మరింత బిగింపకుడు.

అప్పటికిని కదలనిచో, త్రుప్పు వదలించు పలుచని నూనె నాలుగు చుక్కలు మర మొదట వేసి, పావుగంట కాచుకొనవలెను. నూనె బ్రేకు బిళ్లకుగాని, డ్రమ్మునకుగాని తగులరాదు. పిమ్మట నట్టును ఒక్క వెండ్రుకవాసి బిగువు వైపునకే నొక్కి, ఆపై వదులు వైపునకు త్రిప్పవలెను. త్రుప్పుకట్టు తెగుటకు ఈ యుపాయము తరచు పనిచేయును. కమ్మరి బండిచక్రపు పట్టాను కాల్చినట్లు దీనిని కాల్చుదమని మాత్రము తలపకుడు. టైరు వేడెక్కి పగిలినచో ప్రాణాపాయము. మూలలరిగిన నట్టును మెకానిక్కునకు విడిచిపెట్టుట వివేకము.

నట్లన్నియు సగము చుట్టు వదలిన తరువాతనే, కారు తయారుచేసినవారు గురుతు పెట్టినచోట జాకీ పెట్టి ఎత్తవలెను. ఎత్తిన వెంటనే స్టెప్నీ చక్రమును కారు అంచు క్రింద పరుండబెట్టుడు. జాకీ జారినను బండి దానిపై నిలుచును. చేయిగాని కాలుగాని కారు క్రిందికి పోనీయరాదు. పిల్లలను దగ్గరకు రానీయరాదు.

తిరిగి బిగించుట మరియొక ధర్మము. "కందెన వేయని బండికి కావలసినంత సంగీతము" అందురు. అది ఇరుసునకు చెల్లు మాట; ఈ మరలకు చెల్లదు. మరలను శుభ్రముగా తుడిచి, పొడిగానే బిగింపవలెను. కందెన పూసినచో ఒరపిడి తగ్గి, ఎరుగకయే అతిగా బిగింతుము. మొదట చేతితో అన్ని నట్లను ఎక్కించి, కారు దింపి, ఒకదాని తరువాత దాని కెదురుదానిని బిగింపవలెను. కారుతో వచ్చిన పానాతో, గొట్టము తొడుగక బిగించుడు. ఏబది నుండి నూరు కిలోమీటర్లు నడచిన పిమ్మట మరియొకసారి చూచుకొనవలెను. దుకాణమున చక్రము మార్పించిన ప్రతిసారియు, విధించిన బిగువు కొలిచి చూపు పానాతో బిగింపుడని యడుగుటకు సంకోచింపకుడు.

పెద్దలారా, మీరు స్వయముగా నట్లు విప్పవలెనని నేను కోరుట లేదు. పండుగకు మీ పిల్లలు వచ్చినప్పుడు, తీరికగానున్న ఒక సాయంకాలము, మీరు అరుగుమీద కూర్చుండి, వారిచేత ఒక్కసారి నాలుగు చక్రముల నట్లను వదలించి మరల సరిగా బిగింపించుడు. తగిన పొడవుగల గొట్టమునొకదానిని కారులో వేయించుడు. వేకువన తొందరలో తెలియవలసినది ఆ సాయంకాలమే తెలియును.

శీల లేక యూడిన చక్రము ఒక యాపద. అతిగా బిగిసి రాని చక్రము మరియొక యాపద. నడుమనున్న మితమే బండికి రక్ష. ఆనాడు మా మనుమనికి దాహమైనది గనుక బ్రతికినాడు. మీ యింటి పిల్లల క్షేమమును దాహమునకు విడువక, క్రమమున కప్పగింపుడు.