ఈ-పుస్తకములకు వివరపట్టిక
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమున పుస్తకము పోవుట రెండు విధములు. తీసికొనిపోయినవారు తిరిగి తెచ్చి ఈయకపోవుట మొదటిది. పుస్తకము బీరువాలోనే యుండియు అది యెక్కడ నున్నదో ఎవరికిని తెలియకపోవుట రెండవది. మొదటి నష్టము రిజిస్టరులో కనబడును. అడుగువారుందురు, జుల్మానా కూడ వసూలగును. రెండవ నష్టము ఎవరి కంటికిని ఆనదు. ఈ-పుస్తకమును ఎందరు చదివినను అది చోటు కదలదు గనుక మొదటి భయము లేదు. రెండవ భయము మాత్రము నూరింతలు పెరిగినది. పేరు లేని ఫైలు బీరువా వెనుక పడిన పుస్తకము వంటిది.

పుస్తకమును గూర్చిన వివరమును నేడు మెటాడేటా అనుచున్నారు. పేరు క్రొత్తది, పని పాతది. తెలుగు కావ్యములలో ఆశ్వాసము ముగియగానే ఒక గద్యము వచ్చును. కవి యెవరు, ఎవరి కుమారుడు, కావ్యమేమి, ఇది యెన్నవ ఆశ్వాసము అను సంగతులన్నియు అందుండును. తాటాకుల కట్ట ఏ యూరు చేరినను ఆ వివరము దానితోనే ప్రయాణము చేసెను. అందుచేతనే కవుల పేర్లు నేటికిని నిలిచియున్నవి.

ఈపబ్ అను ఈ-పుస్తకము కూడ ఇట్టి కట్టయే. అనేక ఫైళ్లను ఒక్కటిగా ముడిచిన మూట అది. ఆ మూటలో ఓపీఎఫ్ అను చిన్న ఫైలు కలదు. పుస్తకపు పేరు, రచయిత, ప్రకాశకుడు, భాష, తేది, హక్కులు మున్నగునవి అందు వ్రాయబడును. ఈ శీర్షికలు 1995లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున డబ్లిన్ పట్టణమందు జరిగిన సమావేశము నుండి పుట్టినవి. అందుచే డబ్లిన్ కోర్ అని పేరు వచ్చినది. అందలి మూలాంశములు 15. ఈపబ్ నియమము ప్రకారము వీనిలో పేరు, గుర్తింపు సంఖ్య, భాష అను మూడును తప్పనిసరి. రచయిత పేరు తప్పనిసరి కాదు! యంత్రము అడుగదు గనుక, మనుష్యుడు శ్రద్ధతో వ్రాయవలెను.

ఇక సినిమాలు, పాటలు, ఛాయాచిత్రములు, పుస్తకములు అన్నిటిని ఒకే చోట చూపు సాఫ్ట్‌వేరులు వచ్చినవి. 2018లో ఆరంభమైన జెల్లీఫిన్ అట్టిది, ఉచితముగా లభించును. కాని ఇట్టి ఉమ్మడి గ్రంథాలయములు ప్రధానముగా సినిమాలను దృష్టిలో నుంచుకొని కట్టబడినవి. సినిమాకు పేరును, విడుదలైన సంవత్సరమును ఇచ్చినచో, యంత్రము ఇంటర్నెట్టులోని పట్టికలను వెదకి దర్శకుని, నటులను, బొమ్మను తానే తెచ్చుకొనును. పుస్తకమునకు ఆ మార్గము చాలదు. రామాయణము అని మాత్రము వ్రాసినచో అది రంగనాథ రామాయణమో, భాస్కర రామాయణమో, మొల్ల రామాయణమో యంత్రమెట్లు గ్రహింపగలదు? ఐఎస్‌బీఎన్ సంఖ్య ఉన్న పుస్తకమునకు కొంత నయము. కాని ఆ సంఖ్య అంతర్జాతీయ ప్రమాణమైనది 1970లో. అంతకు పూర్వపు తెలుగు పుస్తకములకు అది లేదు. అట్టి పుస్తకమునకు యంత్రము వివరము తేలేదు. తెచ్చినను వేరొకరి అట్ట తెచ్చి అతికించును.

కావున పని రెండుగా విభజించుకొనుట మేలు. పుస్తకములను సవరించు కార్యశాల ఒకటి, చదువుకొను మందిరము మరొకటి. కార్యశాలగా క్యాలిబర్ అను ఉచిత సాఫ్ట్‌వేరు తగినది. దీనిని కోవిద్ గోయల్ గారు 2006లో ప్రారంభించిరి. వివరములను అందే దిద్దవలెను. ఉమ్మడి సాఫ్ట్‌వేరును చూపుటకే వాడవలెను. రెండు చోట్ల దిద్దినచో, ఇద్దరు గుమాస్తాలు ఒకే లెక్కను రెండు పుస్తకములలో వ్రాసినట్లగును.

ఇక్కడ ఒక మెలకువ అవసరము. క్యాలిబర్‌లో దిద్దిన వివరము మొదట దాని సొంత పట్టికలో చేరును; ప్రతి పుస్తకపు ఫోల్డరులోను మెటాడేటా.ఓపీఎఫ్ అను ప్రతి కూడ వ్రాయబడును. పుస్తకపు మూటలోనికి మాత్రము అది తనంత తాను పోదు. వివరమును పుస్తకమున పొదుగు ఆజ్ఞ వేరుగా కలదు. దానిని ఇచ్చిననే పుస్తకము ఎక్కడికి పోయినను వివరము వెంట పోవును. జెల్లీఫిన్‌కు బుక్‌షెల్ఫ్ అను అనుబంధమును చేర్చినచో అది ఓపీఎఫ్ వివరములను చదువగలదు. పెద్ద పట్టిక చెడిపోయినను ఈ చిన్న ప్రతుల నుండి దానిని తిరిగి కట్టవచ్చును. క్యాలిబర్ ఫోల్డరుల పేర్లను రోమను లిపిలోనికి మార్చుకొనును. తెలుగు పేరు కనబడలేదని ఆ ఫోల్డరుల పేర్లను చేతితో మార్చరాదు. తెలుగు పేరుకు చోటు వివరపట్టికయే.

పేర్ల విషయమున తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు కలదు. పాశ్చాత్యులకు ఇంటిపేరు చివర నుండును. ఆ ఆచారము ననుసరించి క్యాలిబర్ చివరి పదమును ముందుకు తెచ్చి అక్షరక్రమమున చేర్చును. తెలుగువారి ఇంటిపేరు మొదటనే యున్నది. దీనివలన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు ‘సు’ క్రిందికి పోవుదురు. శ్రీపాద కృష్ణమూర్తి శాస్త్రి గారి పేరును విడదీసి వ్రాసినచో వారు ‘శా’ క్రింద చేరుదురు. ‘శ్రీ’ క్రింద వెదకినవానికి ఇద్దరును దొరకరు. పేరును ఉన్నదున్నట్లు ఉంచుమని అమరికలలో ముందుగానే చెప్పినచో క్రొత్తగా చేర్చు పుస్తకములకు ఈ చిక్కు రాదు.

అక్షరము కూడ ముఖ్యమే. వేయిపడగలు అని ఒకరును, వేయి పడగలు అని మరొకరును వ్రాసినచో వెదకుట కష్టమగును. ఏదో ఒక రూపమును నిర్ణయించి గోడమీద అంటించవలెను. ఆంధ్ర మహాభారతపు 18 పర్వములకు శీర్షికలోనే అంకెలు వేసినచో కొన్ని యంత్రములలో 1 తరువాత 10 వచ్చును. వరుససంఖ్యకు వేరే గడి కలదు. భాష గడిలో తెలుగునకు గుర్తైన ‘టీ, ఈ’ అను రెండు రోమను అక్షరములను వేయవలెను. అది ఇంగ్లీషని పడినచో, గట్టిగా చదివి వినిపించు యంత్రము ఇంగ్లీషు గొంతును ఎత్తుకొనును. చూపు తగ్గిన వృద్ధులకు ఆ పుస్తకము లేనట్లే. హక్కుల గడిని కూడ ఖాళీగా విడువరాదు. మన దేశమున రచయిత మరణించిన పిదప 60 సంవత్సరముల వరకు సాధారణముగా హక్కు నిలుచును.

పాఠకుని కాలము వృథా కాకూడదని ఎస్. ఆర్. రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన గ్రంథాలయ సూత్రములలో ఒకటి చెప్పుచున్నది. పెద్ద గ్రంథములకు ఆ సేవ చేయువారు పట్టణములలో ఉందురు. కాని ప్రతి గ్రామమున, ఆ గ్రామమువారే వ్రాసి అచ్చు వేయించుకొన్న శతకము, దేవాలయపు స్థలపురాణము, హరికథ, ఉత్సవ సంచిక ఉండును. వీనిని స్కాన్ చేయుట ఒక దినపు పని. కాని ఏ ఇంటర్నెట్టు పట్టికయు ఆ శతకకర్త యెవరో చెప్పలేదు. ముఖపత్రము చిరిగిపోయిన పుస్తకమునకు కర్త పేరు వృద్ధుల జ్ఞాపకమున మాత్రమే మిగిలియుండును. వారు వెళ్లిపోయిన తరువాత ఫైలు ఉండును, పేరుండదు.

అందుచేత యువకులు యంత్రము ముందు కూర్చుండవలెను. పెద్దలు ప్రక్కన కూర్చుండి చెప్పవలెను. ఖండితముగా తెలిసినది వ్రాసి, తెలియని గడిని ఖాళీగా ఉంచుట తప్పు కాదు. ఊహించి నింపుటయే తప్పు. వారమునకు పది పుస్తకముల చొప్పున దిద్దినను సంవత్సరమునకు 500 దాటును. రజతోత్సవము చేసికొన్న గ్రంథాలయమునకు ఇది మోయరాని బరువు కాదు. ఆనాడు పుస్తకములను ఇంటింట అడిగి తెచ్చినవారి శ్రమ, వాని పేర్లను నిలుపువారి వలననే సార్థకము కాగలదు.