కరెంటు పెట్టుబడులు – మన బిల్లు
(వారాసిగూడలో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)



1991లో కేంద్రం విద్యుదుత్పత్తిలోకి ప్రైవేటు పెట్టుబడిని ఆహ్వానించింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో గ్యాసును నమ్ముకుని జేగురుపాడు, కాకినాడలలో కేంద్రాలు వెలిశాయి. 1999 ఫిబ్రవరి 1న విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. 2000లో చార్జీల పెంపుపై ఉద్యమం సాగింది. ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 2013 నాటికి కృష్ణా-గోదావరి గ్యాసు తగ్గి అనేక కేంద్రాలు మూలనపడ్డాయి. యంత్రాలున్నాయి, ఇంధనం లేదు. అప్పుల వడ్డీ మాత్రం ఆగదు.

కాబట్టి కొత్త పెట్టుబడి వస్తుందనగానే మనం మూడు ప్రశ్నలు అడగాలి: ఇంధనం ఎక్కడిది? ఒప్పందం ఎన్నేళ్ళు? నష్టం ఎవరి నెత్తిన?

సూర్యుడికి ఇంధన ఖర్చు లేదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పి.ఎం. సూర్యఘర్ పథకంలో ఇంటికప్పు సౌర పలకలకు మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడు కిలోవాట్లు, ఆపైన మొత్తం 78,000 రూపాయల సబ్సిడీ నిర్ణయించారు. అపార్టుమెంటు సంఘాలకు లిఫ్టు, మోటారు వంటి ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000. అయితే ముందు డాబాపై నీడ ఎంత పడుతుందో చూడండి. పిల్లలతో కూర్చుని లెక్క వేయండి. పెన్షన్ సొమ్ము తొందరపడి పెట్టవద్దని మనవి.