పెద్దవాగు అనే నది: స్పెయిన్ ఊళ్ల పేర్లు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంత్రం మిమ్మల్ని కాసేపు స్పెయిన్ దేశం తీసుకెళ్లాలని మా కోరిక. టిక్కెట్టు అక్కర్లేదు, పిల్లల భూగోళం పటం ఉంటే చాలు. ఆ పటంలో దక్షిణాన గ్వాదల్కివీర్ అనే నది కనిపిస్తుంది. నోరు తిరగని పేరే. విడదీసి చూస్తే అది అరబ్బీలోని 'అల్ వాదీ అల్ కబీర్'. వాదీ అంటే లోయ, వాగు. కబీర్ అంటే పెద్దది. వెరసి మన తెలుగులో పెద్దవాగు! మన జిల్లాల్లో పెద్దవాగులు ఎన్ని లేవు? కార్డోబా, సెవిల్ నగరాల పక్కగా పారే ఆ మహానదికీ అదే పేరు.

ఇంకాస్త కిందికి, సముద్రం ఒడ్డుకి రండి. క్రీ.శ. 710లో తరీఫ్ అనే నాయకుడు కొద్దిమందితో దిగిన చోటు నేటికీ తరీఫా. మరుసటి ఏడు 711లో తారిఖ్ దిగిన కొండ 'జబల్ తారిఖ్', అంటే తారిఖ్ కొండ. అదే నేటి జిబ్రాల్టర్. ఇప్పుడది బ్రిటిషువారి ఏలుబడిలో ఉన్నా పేరు మాత్రం తారిఖ్‌దే. దాని ఎదుట ఉన్న అల్హెసిరాస్ రేవు 'అల్ జజీరా', అనగా దీవి.

మనం ఖిల్లా అంటామే, ఆ మాటకు మూలం అరబ్బీ 'ఖల్‌అ'. స్పెయిన్‌లో అల్కలా అని మొదలయ్యే ఊళ్లన్నీ ఆ ఖిల్లాలే. ప్రసిద్ధ రచయిత సెర్వాంటెస్ 1547లో పుట్టిన అల్కలా దె ఎనారెస్ అటువంటిదే. కలతాయుద్ అంటే అయ్యూబ్ ఖిల్లా. మెదీనాసేలి అంటే సలీం పట్టణం. అల్బసేతే అంటే మైదానం. అల్మేరియా అంటే కావలి బురుజు. గ్వాదలహారా అంటే రాళ్లవాగు.

ఇవి వింటుంటే మనకు ఛాతీ పొంగుతుంది. పొంగనివ్వండి, తప్పులేదు. కానీ ఒక్క మాట ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందటి వరకూ మేము కూడా ఇటువంటి సభల్లో స్పెయిన్ పేర్లన్నీ మనవాళ్లు పెట్టినవేనని గొప్పగా చెప్పేవాళ్లం. తీరిగ్గా కూర్చుని చదివాక సిగ్గుపడ్డాం.

సరగోసా ఊరినే తీసుకోండి. అది రోము చక్రవర్తి సీజర్ ఆగస్టస్ పేర వెలసిన నగరం. అరబ్బులు దాన్ని సరఖుస్తా అన్నారు. తర్వాతివాళ్ల నోట అది సరగోసా అయింది. సెవిల్ అసలు పేరు హిస్పాలిస్. అరబ్బీలో 'ప' అక్షరం లేదు కనుక 'బ' వచ్చి ఇష్బీలియా అయింది. అంటే వచ్చినవాళ్లు పాత పేరు చెరిపెయ్యలేదు, తమ నాలుకకు తిరిగినట్టు పలికారు, అంతే.

అల్కాంతరా మరీ ముచ్చటైనది. 'అల్ ఖంతరా' అంటే వంతెన. ఆ వంతెన కట్టింది అరబ్బులు కాదు, రెండో శతాబ్దం ఆరంభంలో, ట్రాజన్ చక్రవర్తి కాలంలో రోమనులు కట్టారు. కట్టింది ఒకరు, పేరు పెట్టింది మరొకరు, నేడు దానిమీద నడిచేది ఇంకొకరు. గ్వాదియానా నది సంగతీ అంతే. రోమనుల నాడు దాని పేరు అనాస్. అరబ్బులు ముందు వాదీ తగిలించారు. ఆపైన స్పానిష్‌వాళ్లు తమ నది మాట 'రియో' చేర్చి రియో గ్వాదియానా అన్నారు. ఒక్క నదికి మూడు జాతులవాళ్లు పేరు పెట్టారన్నమాట!

ఇక బాధాకరమైన సంగతి. 1492 జనవరి 2న గ్రనడా లొంగిపోయింది. అటుపైన మతం మార్చబడిన ముస్లిముల సంతతిని కూడా 1609 నుంచి 1614 లోపల దేశం నుంచి వెళ్లగొట్టారు. సుమారు 3 లక్షలమంది ఇల్లూ పొలమూ విడిచి ఓడలెక్కారు. మొదట కదిలించింది వలెన్సియా రైతులనే. మనుషులు పోయారు. వాళ్లు నీరు పారించిన కాలువలు మిగిలాయి. ఆ కాలువను అక్కడి రైతు నేటికీ 'అసేకియా' అంటాడు. అది అరబ్బీలోని 'అస్ సాఖియా'యే. కాలువ నీటి తగవులు తీర్చే పంచాయితీ వలెన్సియా ప్రధాన చర్చి వాకిట్లో ప్రతి గురువారం కూర్చుంటుంది. కాగితాలు లేవు, వకీళ్లు లేరు, అంతా నోటిమాటే. 2009లో యునెస్కో దానికి గుర్తింపు ఇచ్చింది.

రాజాజ్ఞ మనుషులను ఓడ ఎక్కించగలిగింది గానీ, ఇరుగుపొరుగు నాలుక మీది మాటను ఎక్కించలేకపోయింది. ఎందుకని? ఆ మాటతో రోజూ పని ఉంది. నీళ్లు కావాలి, వంతెన దాటాలి, సంతకు పోవాలి. పదిమందికి పనికొచ్చిన పేరు పదికాలాలు నిలిచింది.

సోదరులారా, మన సంఘం పని కూడా ఇంతే కదా! మన వీధి బావి ఎవరు తవ్వించారు? మన గల్లీకి ఆ పేరు ఎలా వచ్చింది? చెప్పగల పెద్దలు ఏటికేడు తగ్గిపోతున్నారు. ఇవాళ ఇంటికెళ్లి నాన్నమ్మనో, తాతయ్యనో అడిగి నాలుగు ముక్కలు రాసిపెట్టండి. మనవాళ్లు పెట్టిన పేరైతే మనదని రాయండి. పొరుగువాళ్లు పెట్టినదైతే వాళ్లదని రాయండి. నిజం రాస్తే ఎవరి గౌరవమూ తగ్గదు.